బంధన ఛాయాచిత్రాల్లో భంగిమ, కోణం: విమర్శనాత్మక పరిశీలన

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తాడుతో కట్టిన దేహాన్ని చూపే ఛాయాచిత్రంలో కెమెరా ఎత్తు, దూరం, వెలుతురు, భంగిమ ఏయే పనులు చేస్తాయో వివరించగలుగుతారు.
• అందంగా చూపించే పద్ధతికీ, నిజాన్ని కప్పిపుచ్చే పద్ధతికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఇటువంటి చిత్రాన్ని చట్రం లోపలి నుంచీ, చట్రం బయటి నుంచీ పరిశీలించి విమర్శ రాయగలుగుతారు.

1. పరిచయం

ఛాయాచిత్ర విమర్శలో కొన్ని విషయాలను మనం చూసీ చూడనట్టు దాటవేస్తూ ఉంటాం. తాడుతో కట్టిన మనిషి దేహాన్ని అందంగా చూపే చిత్రాలు అటువంటివే. ఇంగ్లీషులో వీటిని బాండేజ్ ఫొటోగ్రఫీ అంటారు. ఈ పాఠంలో 'బంధన ఛాయాచిత్రం' అనే మాట వాడుతున్నాం. ఫ్యాషన్ పత్రికల్లో, మ్యూజియం గోడల మీద, సినిమా పోస్టర్లలో, ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న ఫోన్ తెరల మీద ఇవి కనిపిస్తూనే ఉన్నాయి. కళ్ల ముందున్న దాని గురించి మాట్లాడకపోతే దాన్ని అంచనా కట్టే శక్తి పాఠకునికి రాదు.

బాండేజ్ అనే ఇంగ్లీషు మాటకు దాస్యం అనే అర్థం కూడా ఉంది. వెట్టిచాకిరీలో చిక్కుకున్నవారి ఫొటోలు వేరే కోవకు చెందుతాయి. 1976 చట్టం వెట్టిని నిషేధించింది. ఆ ఫొటోలకు సాక్ష్యం చెప్పడమే పని, అందం కాదు. మనం ఇక్కడ చర్చించేది వయోజనులు తమ ఇష్టంతో, ఒక రూపకల్పన కోసం కట్టించుకుని తీయించుకున్నామని చెప్పే చిత్రాలను. 'చెప్పే' అన్న మాటను గమనించండి. ఆ ఇష్టం నిజంగా ఉందా లేదా అన్నది చిత్రంలో ఎంతవరకు కనిపిస్తుందన్నదే ఈ పాఠంలోని అసలు ప్రశ్న.

ఈ రంగంలో అడుగుపెట్టిన ఫొటోగ్రాఫర్లు ముందుగా అడిగే ప్రశ్న 'ఏ కోణంలో తీస్తే బాగుంటుంది?' అనేదే. అది న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానాలు ఉన్నాయి. వాటిని నాలుగో విభాగంలో చూస్తాం. కానీ విమర్శకుడు దాని వెంటే ఇంకొక ప్రశ్న వేయాలి: ఎవరికి బాగుంటుంది? చూసేవానికా, తీసినవానికా, ఫొటోలో ఉన్న మనిషికా?

2. తాడు స్వభావం: భావనపాడు తీరం నుంచి ఒక ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు మత్స్యకారుల ఊరు. అటువంటి తీరగ్రామాల నుంచి ఈ కోర్సు చదివేవారికి తాడు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మోకు, వలతాడు, లంగరు తాడు వారికి రోజూ కనిపించేవే. అయినా ఆ పరిచయాన్నే విమర్శకు పనిముట్టుగా మార్చుకోవాలి కాబట్టి రెండు పాత పడవలను గుర్తు చేసుకుందాం.

మొదటిది తెప్ప. దుంగలను పక్కపక్కన చేర్చి, తాడుతో బిగించి కట్టి సముద్రంలోకి తోసేవారు. వేట ముగించుకుని ఒడ్డుకు వచ్చాక కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవారు. మరునాడు మళ్లీ కట్టేవారు. తమిళంలో దీన్ని కట్టుమరం, అంటే కట్టిన మాను అంటారు. ఇంగ్లీషులోని కాటమరాన్ అనే మాట అక్కడి నుంచే పుట్టింది. రెండోది మాసూలా పడవ. దాని పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అందువల్ల కెరటాల దెబ్బకు పడవ విరగకుండా కాస్త వంగి తట్టుకునేది. ఇప్పుడు ఫైబర్ పడవలు, నైలాన్ తాళ్లు వచ్చాయి. అయినా తాడు స్వభావం మారలేదు.

ఈ రెండింటి నుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, పనిచేసే తాడు బరువు మోస్తుంది. ఆ లాగుడు ఎటు నుంచి ఎటు పోతోందో కంటికి తెలుస్తుంది. రెండు, మంచి కట్టుకు విప్పే దారి ఉంటుంది. జారుముడికీ పీటముడికీ తేడా తీరంలో పిల్లలకు కూడా తెలుసు. మూడు, కట్టు అనేది కట్టిన వస్తువు స్వభావాన్ని బట్టి ఉండాలి. దుంగకు వేసే బిగువు పలకకు వేస్తే పలక పగులుతుంది.

బంధన ఛాయాచిత్రానికి ఈ మూడూ వర్తిస్తాయి. అలంకారానికి వదులుగా చుట్టిన తాడు ఫొటోలో వెంటనే దొరికిపోతుంది. చర్మం మీద ఒత్తిడి ఉండదు, గీత ఎక్కడా నిక్కదు. తాడుతో బతికే ఊరివారికి ఆ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే బిగువు ఎక్కువైతే ప్రమాదం. చేతికీ మనసుకీ విప్పే దారి లేకపోతే అది కళ కాదు, నిర్బంధం.

3. మన సంప్రదాయంలో బంధిత దేహం

కట్టబడిన దేహం తెలుగువారికి కొత్త దృశ్యం కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఉలూఖల బంధన ఘట్టం మన ఇళ్లలో క్యాలెండరు బొమ్మగా వేలాడుతూనే ఉంది. యశోద ఎంత తాడు తెచ్చినా రెండు వేళ్ల మేర తక్కువ పడుతూనే ఉంటుంది. తల్లి అలసటను చూసి కృష్ణుడు తానే కట్టుబడతాడు. ఆ కథలోని కీలకం ఇదే: కట్టేవారి బలం వల్ల కాదు, కట్టుబడేవాని సమ్మతి వల్లే ముడి పడింది. సుందరకాండలోనూ ఇలాంటి స్థితే ఉంది. రాక్షసులు నారతాళ్లతో కట్టగానే హనుమంతుణ్ణి బ్రహ్మాస్త్ర బంధం విడిచిపెడుతుంది. ఆ సంగతి తెలిసినా, రావణుణ్ణి చూడాలన్న ఉద్దేశంతో ఆయన కట్లను ఓర్చుకుంటాడు. చిత్రకారులు ఈ రెండు ఘట్టాలనూ గీసేటప్పుడు సాధారణంగా ముఖాన్ని దాచరు. బాలకృష్ణుని కళ్లు మనవైపే చూస్తుంటాయి. బంధితుడే బొమ్మకు కర్త.

శిల్పంలో దేహం మీద చుట్టుకున్న గీత చేసే పనిని చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్లాలి. 1213 నాటి ఈ కాకతీయుల ఆలయంలో పైకప్పు అంచున నల్లరాతి మదనికలు ఉన్నాయి. వాటిలో నాగిని శిల్పం ప్రసిద్ధమైనది. దేహాన్ని చుట్టుకున్న పాములు నడుము వంపును, తొడ గుండ్రదనాన్ని మరింత స్పష్టంగా చూపుతాయి. నునుపైన ఉపరితలం మీద ఒక గీత పోతే ఆ ఉపరితలం ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ లోతుగా ఉందో కంటికి అందుతుంది. బంధన ఛాయాచిత్రంలో తాడు చేసేదీ సరిగ్గా ఈ పనే. కాబట్టి ఈ కళాసూత్రం మనకు పరాయిది కాదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే చిత్రం ఒకటి ఉత్తరాంధ్ర జ్ఞాపకంలో ఉంది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన తరువాత, ఆయన మృతదేహంగా ప్రచారంలో ఉన్న, మంచానికి కట్టిన దేహం ఫొటో అది. అక్కడ తాడు దేహాన్ని అందంగా చూపడానికి లేదు. కెమెరా ముందు నిలబెట్టడానికి ఉంది. ఆ చిత్రానికి సమ్మతి అనే ప్రశ్నే లేదు. అయితే చూసే ప్రజలు దాన్ని తీసినవారి ఉద్దేశంతో చూడలేదు. లొంగదీసుకున్నామన్న రుజువు వారికి వీరుని గుర్తుగా మిగిలింది. ఫొటోకు తీసినవాడు ఇచ్చిన అర్థమే చివరి అర్థం కాదని ఈ ఉదాహరణ చెబుతోంది. కృష్ణుని బొమ్మ ఒక కొస అనుకుంటే ఈ ఫొటో రెండో కొస. మనం చర్చించే చిత్రాలన్నీ ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట ఉంటాయి.

4. మెప్పించే కోణాలు: పద్ధతి, దాని పరిమితి

ఇప్పుడు సాంకేతిక విషయానికి వద్దాం. ప్రతి పద్ధతినీ రెండు వైపుల నుంచి చూడాలి: అది ఏమి చూపిస్తుంది, ఏమి దాచగలదు.

4.1 కెమెరా ఎత్తు

పైనుంచి కిందికి తీస్తే మనిషి చిన్నగా, నిస్సహాయంగా కనిపిస్తాడు. కింది నుంచి పైకి తీస్తే ఠీవి వస్తుంది. మన జానపద చిత్రాల్లో స్తంభానికి కట్టిన కథానాయకుణ్ణి తరచుగా కింది నుంచి, ఛాతీ విరిచినట్టు తీస్తారు. నాయికను కట్టినప్పుడు కెమెరా పైకి పోతుంది. ఒకే తాడు, ఒకే కట్టు, అర్థం మాత్రం వేరు. మోకరిల్లిన లేదా కూర్చున్న భంగిమలో కెమెరాను ఆ మనిషి కంటి ఎత్తుకు దించడం మంచి పద్ధతి. ఫొటోగ్రాఫరు కూడా నేల మీద కూర్చోవాలి. అప్పుడు చూపుల మధ్య సమానత్వం వస్తుంది.

4.2 దూరం, లెన్స్

దేహం నిష్పత్తులను నిర్ణయించేది దూరం. 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో దగ్గరగా వెళ్తే కెమెరాకు దగ్గరగా ఉన్న మోకాలో భుజమో పెద్దదైపోతుంది. రెండు మూడు మీటర్ల దూరం నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే నిష్పత్తులు సహజంగా ఉంటాయి. ఫోన్లలోని మామూలు లెన్స్ వెడల్పుగా చూసేది. అందుకే ఫోన్‌తో దగ్గరి నుంచి తీసిన చిత్రాల్లో కట్టిన చేతులు వికృతంగా పెద్దవైపోతాయి. ఒక చేయి లేదా కాలు నేరుగా లెన్స్ వైపు చాపి ఉంటే అది పొట్టిగా, మొండిగా కనిపిస్తుంది. కొద్దిగా పక్కకు తిప్పితే పొడవు తిరిగి వస్తుంది.

4.3 భంగిమ

మన శిల్పశాస్త్రం సమభంగం, ఆభంగం, త్రిభంగం, అతిభంగం అని భంగిమలను విడదీసింది. బంధన ఛాయాచిత్రంలో తరచుగా చేసే పొరపాటు సమభంగంలో నిలబెట్టి చేతులు వెనక్కి కట్టడం. ఎదురుగా చూసేవారికి చేతులు అసలే లేనట్టు కనిపిస్తుంది. దేహాన్ని 30 నుంచి 45 డిగ్రీలు తిప్పితే మోచేయి బయటపడుతుంది. మోచేతికీ నడుముకూ మధ్య చిన్న ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోంచి వెలుతురు కనిపిస్తే నడుము సన్నగా తోస్తుంది. బరువు ఒక కాలి మీద వేస్తే తుంటి, భుజాలు ఎదురెదురు దిక్కులకు వాలి ఆభంగం సహజంగా ఏర్పడుతుంది.

చేతులు వెనక్కి కట్టినప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తాయి, మెడ పొట్టిగా అవుతుంది. ఊపిరి వదిలి భుజాలు దించమని, గడ్డం కొంచెం ముందుకు చాపమని చెప్పాలి. కట్టిన తొడ కెమెరా వైపు ఉంటే వెడల్పుగా పరుచుకుంటుంది. పక్కవాటుగా తిప్పాలి.

4.4 చేతివేళ్లు

ముఖం నటించగలదు. వేళ్లు అంత తేలికగా నటించవు. బిగుసుకున్న పిడికిలి, రంగు మారిన వేలికొనలు, అసహజంగా వేలాడే మణికట్టు ఫొటోలో కనిపిస్తాయి. పై చేతి బయటివైపు చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. అక్కడ తాడు నొక్కితే వేళ్లు మొద్దుబారి మణికట్టు వాలిపోయే ప్రమాదం ఉంది. అందుచేత చేతులను చట్రంలో ఉంచడం అందానికే కాదు, భద్రతకు కూడా గుర్తు. చేతులను కత్తిరించి తీసిన చిత్రం చూసినప్పుడు విమర్శకుడు 'ఎందుకు కత్తిరించారు?' అని అడగాలి.

4.5 వెలుతురు, చర్మం, తాడు రంగు

ఎదురు ఫ్లాష్ తాడు పేటలను చదును చేసేస్తుంది. పక్క నుంచి వచ్చే వెలుతురు ఒక్కొక్క పేటకు నీడనిచ్చి దాని అల్లికను చూపిస్తుంది. విదేశీ పాఠాల్లో తెల్లని చర్మానికి ఎర్రతాడో నల్లతాడో సూచిస్తారు. మన చామనఛాయకు, నలుపుకు అది కుదరదు. తక్కువ వెలుతురులో ముదురు తాడు చర్మంలో కలిసిపోతుంది. రంగు వేయని జనపనార తాడు చక్కగా విడివడి కనిపిస్తుంది. అయితే వెలుతురు కొలతను తాడు మీద తీస్తే చర్మం మసిబారుతుంది. చర్మం మీదే కొలత తీసుకోవాలి. చర్మాన్ని తెల్లబరచి 'అందం' తేవడం ఫొటోలోని మనిషిని చెరిపివేయడమే.

4.6 సమయం

ఇది పాఠ్యగ్రంథాల్లో అరుదుగా కనిపించే విషయం. వెనక్కి కట్టిన చేతులతో ఎవరూ ఎక్కువసేపు హాయిగా ఉండలేరు. కాబట్టి దీపాలు, లెన్స్, నేపథ్యం అన్నీ కట్టకముందే సరిచూసుకోవాలి. కొలతలకు వేరొకరిని నిలబెట్టుకోవాలి. కట్టిన తరువాత చేసేది ఫొటో తీయడం మాత్రమే. మెడ చుట్టూ తాడు వేయరాదు. ఛాతీ కట్టు ఊపిరికి అడ్డు రాకూడదు. మొన మొద్దుగా ఉన్న కత్తెర చేతికందే దూరంలో ఉండాలి. కట్టిన మనిషిని ఒంటరిగా వదలరాదు. వేలాడదీసే భంగిమలు నిపుణుల పర్యవేక్షణ లేకుండా ప్రాణాపాయం. అవి ఈ పాఠం పరిధిలోకి రావు.

భంగిమ అందంగా రావడానికీ మనిషి సుఖంగా ఉండడానికీ మధ్య వైరుధ్యం లేదని పై అంశాలు చూపుతున్నాయి. దించిన భుజాలు, విడిచిన ఊపిరి, సడలిన వేళ్లు ఫొటోకూ మంచివే, మనిషికీ మంచివే. అయితే ఇక్కడే చిక్కు ఉంది. నేర్పుగల ఫొటోగ్రాఫరు భయంతో ఉన్న మనిషి చేత కూడా భుజాలు దింపించగలడు. మెప్పించే పద్ధతి సుఖాన్ని సృష్టించగలదు, లేని సుఖాన్ని ఉన్నట్టు చూపించనూ గలదు.

5. ప్రపంచ ఛాయాచిత్ర చరిత్ర నుంచి నాలుగు ఉదాహరణలు

ఈ కళకు ప్రధాన మూలం జపాన్. ఎదో కాలంలో నేరస్తులను తాడుతో కట్టే విద్య అక్కడి రక్షకభటులలో ఉండేది. మనిషి హోదాను, నేరాన్ని బట్టి కట్టు తీరు మారేది. తరువాతి కాలంలో ఆ కట్లు నాటకరంగం, చిత్రకళల ద్వారా రూపకల్పనగా మారాయి. చిత్రకారుడు ఇతో సెయియు (1882–1961) పాత శిక్షా పద్ధతులను అధ్యయనం చేసి ఫొటోలుగా, బొమ్మలుగా మలిచాడు. 1885లో యొషితొషి చేసిన ముద్రణ చిత్రంలో ఒక గర్భిణిని తలకిందులుగా వేలాడదీసిన దృశ్యం ఉంది. దాని ప్రేరణతో 1921లో ఇతో గర్భవతి అయిన తన భార్యనే అలా వేలాడదీసి ఫొటో తీశాడు. ముద్రణ చిత్రంలోని స్త్రీ కల్పన. ఫొటోలోని స్త్రీకి రక్తమాంసాలున్నాయి. బొమ్మ నుంచి ఫొటోకు మారగానే నైతిక భారం మారుతుందని ఈ జంట స్పష్టం చేస్తుంది.

రెండో ఉదాహరణ మాన్ రే 1936లో చేసిన 'పునరుద్ధరించిన వీనస్'. తలా చేతులూ లేని ప్లాస్టర్ మొండెం చుట్టూ తాడు చుట్టాడు. ఇక్కడ బాధ లేదు, ఎందుకంటే మనిషి లేదు. రామప్ప నాగినిలో వలెనే గీత, ఉపరితలం మధ్య ఆట మాత్రమే ఉంది. తాడు అందానికి నొప్పి అవసరం లేదనడానికి ఇది మంచి ఆధారం.

మూడోది హాన్స్ బెల్మెర్ 1958లో ఉనికా జూర్న్‌ను తీసిన చిత్రం. సన్నని దారం చర్మంలో దిగి కండ మడతలుగా ఉబ్బింది. ముఖం కనిపించదు. అధివాస్తవికుల పత్రిక ముఖచిత్రంగా వచ్చినప్పుడు దానికి 'చల్లని చోట ఉంచండి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మాంసం పొట్లం మీద రాసే మాట అది. ఇక్కడ మెప్పించే కోణం ఏదీ లేదు. బెల్మెర్ దేహాన్ని వస్తువుగా చూపించి ఆ సంగతి దాచలేదు. జూర్న్ స్వయంగా రచయిత్రి, చిత్రకారిణి. ఆ చిత్రం ముందు నిలబడితే ఆ విషయం మనకు ఏమాత్రం తెలియదు. చిత్రం నిజాయితీగా ఉండవచ్చు, అయినా అందులోని మనిషికి అన్యాయం చేయవచ్చు.

నాలుగోది అన్నింటికంటే ముఖ్యమైనది. నోబుయొషి అరాకి (జననం 1940) జపాన్‌లో అత్యంత ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్లలో ఒకరు. కిమోనో ధరించిన స్త్రీలను తాడుతో కట్టి తీసిన ఆయన చిత్రాల్లో కెమెరా వైపు నిశ్చలంగా, సూటిగా చూసే ముఖాలు తరచుగా కనిపిస్తాయి. ఆ చూపును ఆధారం చేసుకుని ఎందరో విమర్శకులు 'ఆమె బాధితురాలు కాదు, ఆమెదే అధికారం' అని రాశారు. చట్రం లోపలి కొలతలతో చూస్తే ఆ వాదన తప్పనిపించదు. కంటి ఎత్తు సరిగ్గా ఉంది, ముఖం కనిపిస్తోంది, చూపు తిరిగి మనల్ని పలకరిస్తోంది.

అయితే 2001 నుంచి 2016 వరకు ఆయనకు మోడల్‌గా ఉన్న కావొరి 2018 ఏప్రిల్‌లో తన అనుభవాన్ని రాసి ప్రచురించింది. ఒప్పంద పత్రం లేదని, తన చిత్రాలను తనను అడగకుండా వాడుకున్నారని, చాలాసార్లు ప్రతిఫలం అందలేదని, తనను వస్తువులా చూశారని ఆమె ఆరోపించింది. అప్పటికి ఆమెను లోకం అరాకి 'ప్రేరణ' అని పిలుస్తోంది. ఆమె మాట బయటికి వచ్చాక చిత్రాల్లో ఒక్క గీత కూడా మారలేదు. మారింది మన చదువు.

విమర్శకునికి ఇక్కడ దొరికే పాఠం కఠినమైనది. సూటి చూపు సమ్మతికి రుజువు కాదు. అది ఒక భంగిమ. మిగతా భంగిమల్లాగే దాన్ని కూడా అడిగి తెచ్చుకోవచ్చు.

6. చట్రం బయట: ఒప్పందం, చట్టం, ఊరు

ఫొటో ఒక్కటే సమ్మతిని రుజువు చేయలేదు కాబట్టి చట్రం బయటి విషయాలు విమర్శలో భాగం కావాలి. కనీసం నాలుగు అంశాలు చూడాలి: ఏ కట్టు, ఎంతసేపు అన్నది ముందే మాట్లాడుకున్నారా, 'ఆపు' అంటే వెంటనే విప్పే ఏర్పాటు ఉందా, ఫొటోలు ఎక్కడెక్కడ కనిపించవచ్చో రాతపూర్వకంగా ఉందా, ప్రతిఫలం, తరువాత వెనక్కి తీసుకునే హక్కు నిర్ణయించుకున్నారా.

తీయడానికి ఒప్పుకోవడం వేరు, పంచడానికి ఒప్పుకోవడం వేరు. మన చట్టం ఈ తేడాను గుర్తించింది. స్త్రీ ఏకాంత చర్య దృశ్యాలను తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, అలా పంపడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం నేరం. సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ వ్యక్తి రహస్యాంగాల చిత్రాలను సమ్మతి లేకుండా తీయడం, పంపడం రెండింటినీ శిక్షిస్తుంది. 18 ఏళ్లలోపు వారిని లైంగికంగా చూపే చిత్రాలు తీయడం పోక్సో చట్టం కింద నేరం. వారి సమ్మతి కూడా చెల్లదు.

అశ్లీలత విషయానికి వస్తే, సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో పాత హిక్లిన్ పరీక్షను పక్కనపెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలతో చిత్రాన్ని మొత్తంగా చూడాలని చెప్పింది. నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని ఆ తీర్పు సారం. అయితే అశ్లీలమా కాదా అన్న ప్రశ్న ఫొటో చూసేవారి గురించి. సమ్మతి ఉందా లేదా అన్న ప్రశ్న ఫొటోలో ఉన్నవారి గురించి. మన పత్రికా చర్చలు మొదటిదాని దగ్గరే ఆగిపోతుంటాయి. రెండోదే బరువైనది.

భావనపాడు వంటి ఊరిని తలచుకుంటే ఆ బరువు అర్థమవుతుంది. టోక్యోలోనో ముంబయిలోనో ఒక మోడల్ ఫొటో బయటికి వస్తే జనసముద్రంలో కలిసిపోయే అవకాశం కొంతైనా ఉంది. అందరూ అందరికీ వరసలు కలిపే ఊళ్లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వెళ్లిన చిత్రం ఆ మనిషి చదువును, పెళ్లిని, ఇంటి గుమ్మం దాటే ధైర్యాన్ని కూడా దెబ్బతీయగలదు. తీసినవాని పేరు ఎవరూ అడగరు. అందుచేత ముఖం చూపాలన్న కళాసూత్రం కూడా ఇక్కడ గుడ్డిగా పనికిరాదు. ముఖం చూపించడం గౌరవమా, ప్రమాదమా అన్నది ఫొటోలోని మనిషే నిర్ణయించాలి. ఆమె ముఖం వద్దంటే చేతులు, వీపు, నీడ ద్వారా ఆమె వ్యక్తిత్వాన్ని నిలబెట్టడమే ఫొటోగ్రాఫరు నేర్పుకు పరీక్ష.

7. విమర్శకుని పద్ధతి

ఈ చిత్రాల విషయంలో రెండు రకాల విమర్శ మనకు వినిపిస్తుంది. ఒకటి చూడకుండానే 'బూతు' అని కొట్టివేస్తుంది. రెండోది 'కళ' అన్న మాట చెప్పగానే ప్రశ్నలు ఆపేస్తుంది. మొదటిదానికి నాగినికీ నిర్బంధానికీ తేడా కనిపించదు. రెండోది కావొరి మాట్లాడేదాకా ఏళ్ల తరబడి ఆమె గురించి అడగలేదు. రెండూ ఫొటోలోని మనిషిని వదిలేశాయి.

మీరు విమర్శ రాసేటప్పుడు ఈ వరుసను పాటించవచ్చు. మొదట చట్రంలో ఉన్నదాన్ని వర్ణించండి: ఎత్తు, దూరం, వెలుతురు, భంగిమ, చేతులు, తాడు లాగుడు. తరువాత ఆ పద్ధతులు ఎవరిని మెప్పిస్తున్నాయో చెప్పండి. ఆపైన చట్రం వదిలేసినదాన్ని గుర్తించండి. చివరగా ఫొటోలో ఉన్నవారు ఎక్కడైనా మాట్లాడారా, వారి పేరు, వాటా, ఒప్పందం బహిరంగంగా ఉన్నాయా అని వెతకండి. సమాచారం దొరకకపోతే, సమ్మతి ఉందని గానీ లేదని గానీ ఊహించి తీర్పు ఇవ్వకండి. 'ఈ చిత్రం నుంచి ఆ విషయం తెలియదు' అని రాయడం కూడా విమర్శే.

8. సారాంశం

బంధన ఛాయాచిత్రంలో తాడు దేహపు వంపులను స్పష్టం చేసే గీతగా పనిచేస్తుంది. ఈ సూత్రం మన శిల్పంలోనూ ఉంది. కంటి ఎత్తు, తగిన దూరం, తిప్పిన దేహం, కనిపించే చేతులు, పక్క వెలుతురు చిత్రానికి అందం తెస్తాయి. ఇవి చాలావరకు మనిషి సుఖానికీ అనుకూలమే. కానీ ఇవే పద్ధతులు లేని ఇష్టాన్ని ఉన్నట్టు చూపించగలవు. కాబట్టి సమ్మతిని ఫొటోలో కాక ఫొటో చుట్టూ వెతకాలి. ఉలూఖల బంధనం కథలో తాడు సరిపోయింది కట్టుబడేవాడు ఒప్పుకున్నాకనే.

9. ముఖ్య పదాలు

చట్రం: ఫొటో అంచుల లోపల కనిపించే భాగం.
త్రిభంగం: తల, నడుము, మోకాళ్ల దగ్గర మూడు వంపులుగల నిలుపు.
జారుముడి: కొన లాగితే వెంటనే ఊడే ముడి.
సమ్మతి: తెలిసి, ఒత్తిడి లేకుండా ఇచ్చే, ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల అంగీకారం.

10. అభ్యాసం

తీరంలో ఒక పడవను కట్టిన తాడును మూడు ఎత్తుల నుంచి, ఉదయపు ఏటవాలు వెలుతురులో ఫొటో తీయండి. తరువాత మీ స్నేహితుని అనుమతితో, అతని ముంజేతులకు వదులుగా జారుముడి వేసి, తాడు కొన అతని చేతికే ఇచ్చి, చేతులు మాత్రమే కనిపించేలా మూడు ఫొటోలు తీయండి. ఫొటోలను ముందు అతనికి చూపించి, ఉంచవలసినవి అతని చేతనే ఎంపిక చేయించండి. మీరు ఎంచుకునేవాటికీ అతను ఎంచుకున్నవాటికీ తేడా ఉంటే దానిపై ఒక పేజీ రాయండి.

11. నమూనా ప్రశ్నలు

(అ) కింది వాటికి 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. బంధన ఛాయాచిత్రంలో కెమెరా ఎత్తు అర్థాన్ని ఎలా మారుస్తుంది?
2. చామనఛాయ చర్మాన్ని తీసేటప్పుడు తాడు రంగు, వెలుతురు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. తీయడానికి ఇచ్చే సమ్మతికీ పంచడానికి ఇచ్చే సమ్మతికీ తేడా ఏమిటి?

(ఆ) కింది వాటికి 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 'సూటి చూపు సమ్మతికి రుజువు కాదు' అన్న వాక్యాన్ని అరాకి చిత్రాల ఆధారంగా చర్చించండి.
2. ఉలూఖల బంధనం బొమ్మను, అల్లూరి మృతదేహంగా ప్రచారంలో ఉన్న ఫొటోను పోల్చి, బంధిత దేహానికి చూసేవారు ఇచ్చే అర్థాలను వివరించండి.